మూత్రం మాట ముందు సిస్టరే అడగాలి

మంటగా ఉంటే ‘వేడి చేసింది’. రాత్రి నాలుగుసార్లు లేస్తే ‘వయసు మీద పడింది’. దగ్గితే చుక్క పడితే ‘కాన్పులయ్యాక ఇంతే’. మూత్రం బాధలకు మన ఇళ్లలో ఇలాంటి సర్దుబాటు మాటలు చాలా ఉన్నాయి. వాటి వెనక దాగిన జబ్బుల్లో చాలావాటిని పల్లె దవాఖానలోని నర్సే ముందు పట్టుకోగలదు. కావాల్సింది ఒక స్ట్రిప్ డబ్బా, ఒక తెర, ఒక ప్రశ్న.

బీపీ గోలీలు తీసుకుని, చీటీ మడిచి కొంగున ముడేసుకుని, ఒక పెద్దమ్మ దవాఖాన గుమ్మం దాకా వెళ్తుంది. అక్కడ ఆగుతుంది. చుట్టూ మగవాళ్లెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, “జర ఏడి చేసినట్టుంది సిస్టర్. ఒంటికి పోతే సుర్రుమంటుంది. బార్లీ నీళ్లు తాగుతున్న” అంటుంది.

పల్లె దవాఖానల్లో పనిచేసే నర్సులకు ఈ గుమ్మం దగ్గరి మాట బాగా తెలుసు. అసలు బాధ ఎప్పుడూ చివర్లోనే బయటికొస్తుంది. ఆ ‘ఏడి’ అన్న ఒక్క మాటలో మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, బయటపడని షుగర్ ఉండొచ్చు, రాయి ఉండొచ్చు, తెల్లబట్ట ఉండొచ్చు, జారిన గర్భసంచి ఉండొచ్చు. సిస్టర్ తొందరలో “సరే, నీళ్లు బాగా తాగు పెద్దమ్మా” అని పంపేస్తే అది ఇంకో ఆర్నెల్లు ఆ కొంగు ముడిలోనే ఉంటుంది. “కూచో పెద్దమ్మా, ఎన్ని రోజులైంది?” అని అడిగితే వైద్యం అక్కడే మొదలవుతుంది.

తల్లిపాలు నేర్పిన పాఠం

కామారెడ్డి జిల్లా బాన్సువాడ పేరు 2022లో దేశమంతా వినిపించింది. ఇక్కడి మాతా శిశు ఆసుపత్రికి బ్రెస్ట్‌ఫీడింగ్ ప్రమోషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా గుర్తింపు వచ్చింది. తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా తెలంగాణలో ఈ గుర్తింపు పొందిన మొదటిది ఇదే. దీనికోసం కోట్ల రూపాయల యంత్రమేదీ తేనక్కర్లేదు. బిడ్డ పుట్టిన గంటలోపు తల్లి రొమ్ముకు చేర్చడం, పక్కన కూర్చుని పట్టించడం, ‘పాలు పడలేదు, డబ్బాపాలు తేండి’ అనే అత్తకు ఓపిగ్గా నచ్చజెప్పడం చాలు. ఈ పనంతా నర్సులదే. ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు మంచం పక్క మాటలతోనే మారుతుంది.

మూత్రం బాధలకూ అలాంటి మాటలే కావాలి. ఇవీ సిగ్గుతో, పాత నమ్మకంతో, ‘పెద్దవాళ్లు ఇట్లే అన్నరు’ అన్న మాటతో ముడిపడినవే. పాల విషయంలో తల్లి పక్కన కూర్చోగలిగిన నర్సు, ఈ విషయంలోనూ అవ్వ పక్కన, అక్క పక్కన, పెద్దాయన పక్కన కూర్చోగలదు.

ఒడిలో చాట, ఆగిన ఒంటేలు

నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో మధ్యాహ్నం పూట ఏ అరుగు చూసినా ఒడిలో చాట పెట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, వేళ్లతో చుట్టి, దారం కట్టి, మూతి ముడుస్తారు. కూలి లెక్క వెయ్యి బీడీలకు. చేతులు ఆగితే లెక్క ఆగుతుంది. అందుకే దాహం వేసినా నీళ్లు తక్కువ తాగుతారు, ఒంటికి వచ్చినా ‘ఈ కట్ట అయినంక’ అని ఆపుకుంటారు. అటు నిజాంసాగర్ కాలువ కింద నాట్లేసే ఆడవాళ్లదీ ఇదే కథ. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మంజీర నీళ్లతో ఈ నేలను పచ్చగా చేసింది. ఆ పచ్చటి మడిలో పొద్దంతా వంగి ఉండే ఆడమనిషికి చాటుగా కూర్చునే చోటు మాత్రం ఈనాటికీ కరువే.

ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే. మగవాళ్లలో 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆడవాళ్లకు ఇన్ఫెక్షన్ ఎక్కువగా రావడానికి ఇది ముఖ్య కారణం. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే క్రిమి ఆ చిన్న దారిలో తేలిగ్గా పైకి ఎక్కుతుంది. నీళ్లు తాగి, వచ్చినప్పుడల్లా పోస్తే ఆ ధార క్రిమిని కడిగేస్తుంది. ఆపుకుంటే మూత్రసంచిలోనే అది పెరుగుతుంది.

ఇక్కడ నర్సు రెండు పనులు చేయాలి. ఒకటి, అలవాటు చెప్పడం: మూడు నాలుగు గంటలకోసారి లేవాలి, కలయిక తర్వాత తప్పక మూత్రానికి పోవాలి, కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కే కడుక్కోవాలి. రెండోది, ఊరి పెద్దలతో మాట్లాడటం. ‘నీళ్లు బాగా తాగు’ అన్న సలహా తలుపూ గొళ్లెమూ ఉన్న మరుగుదొడ్డి దగ్గర్లో ఉంటేనే పనికొస్తుంది. బీడీ కంపెనీ దగ్గర, వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర అది ఉందా అని గ్రామసభలో అడగడం కూడా వైద్యమే.

స్ట్రిప్ చెప్పే కబురు

అగ్గిపుల్ల కంటే కొంచెం పొడవైన ప్లాస్టిక్ పట్టీ. దాని మీద వరసగా చిన్న రంగు గళ్లు. మూత్రంలో ముంచి తీసి, అంచును డబ్బా మూతికి తాకించి, అడ్డంగా పట్టుకుని గడియారం చూస్తూ నిలబడాలి. ఒక్కో గడికి ఒక్కో సమయం. నైట్రైట్ గడి నిమిషానికి గులాబీ రంగుకు తిరిగిందంటే క్రిమి ఉన్నట్టు. తెల్లకణాల గడి రెండు నిమిషాలకు ఊదా రంగుకు తిరిగిందంటే లోపల పోరు నడుస్తున్నట్టు.

అయితే ఈ పట్టీ నిజం చెప్పాలంటే దానికిచ్చే మూత్రం శుభ్రంగా ఉండాలి. ముందు నీళ్లతో కడుక్కోవాలి, మొదటి ధార వదిలేయాలి, నడిమి ధారను మాత్రమే శుభ్రమైన డబ్బాలో పట్టాలి. ఇంట్లో కడిగిన పచ్చడి సీసా పనికిరాదు. నైట్రైట్ తయారవడానికి మూత్రం సంచిలో కొన్ని గంటలు ఉండాలి, అందుకే పొద్దుటి మూత్రం మేలు. స్ట్రిప్‌ల డబ్బా మూత తెరిచి ఉంచితే తేమకు పట్టీలు పాడై అబద్ధం చెబుతాయి. పట్టీలో ఏమీ కనపడకపోయినా మంట, తరచూ పోవడం, తొందర ఉంటే బాధనే నమ్మాలి. దురద, తెల్లబట్ట కూడా ఉంటే సమస్య మూత్రంలో కాకపోవచ్చు, ఆ దిశగా చూడాలి.

ఇన్ఫెక్షన్ అని తేలాక మందు దగ్గర మనం చేస్తున్న తప్పు పెద్దది. మెడికల్ షాపులో రెండు సిప్రోఫ్లాక్సాసిన్ గోలీలు, మంట తగ్గగానే ఆపేయడం. ఏళ్ల తరబడి ఇలా వాడటంతో మన దేశంలో ఈ.కోలై చాలామందిలో ఆ మందుకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి నివేదికలు చెబుతున్నాయి. గర్భం లేని, జ్వరం లేని ఆడవాళ్లలో మామూలు మూత్రసంచి ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యూరాంటోయిన్ 5 రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల ఒకే మోతాదు ఇప్పటికీ బాగా పనిచేస్తున్నాయి. డాక్టరు సూచన ప్రకారం, పూర్తి కోర్సు వాడాలి. మళ్లీ మళ్లీ వస్తుంటే మందు మార్చే ముందు కల్చర్ పరీక్షకు పంపాలి, షుగర్ చూడాలి.

మందు ఇవ్వకపోవడమూ ఒక నైపుణ్యమే. ఏ బాధా లేని ముసలివాళ్ల మూత్రంలో, మూత్రం గొట్టం (కాథెటర్) వేసి ఉన్నవాళ్ల మూత్రంలో క్రిములు కనిపించడం మామూలు. రిపోర్టును చూసి కాదు, మనిషిని చూసి మందివ్వాలి.

కాన్పుకు ముందు, తర్వాత

ఈ నియమానికి గర్భిణి మినహాయింపు. ఆమెకు మంట లేకపోయినా మూత్రంలో క్రిమి ఉంటే వైద్యం చేయాల్సిందే. నూటికి 2 నుంచి 10 మంది గర్భిణుల్లో ఇలా చప్పుడు లేని ఇన్ఫెక్షన్ ఉంటుంది. వదిలేస్తే అది కిడ్నీ దాకా ఎక్కి చలిజ్వరం తెస్తుంది, నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. అందుకే మొదటి చెకప్‌లో అల్బుమిన్, షుగర్‌తోపాటు ఇదీ చూడాలి. గర్భిణికి సిప్రోఫ్లాక్సాసిన్ వద్దు, చివరి రోజుల్లో నైట్రోఫ్యూరాంటోయిన్ వద్దు. మందు ఎంపిక డాక్టరుకే వదలాలి.

కాన్పు తర్వాత నర్సు కన్ను పెట్టాల్సింది మొదటి ఆరు గంటల మీద. బాలింత మూత్రానికి పోయిందా లేదా? నిండిన మూత్రసంచి గర్భసంచిని పక్కకు నెడుతుంది, అది గట్టిగా ముడుచుకోలేక రక్తస్రావం పెరుగుతుంది. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూసి, బాలింతను మెల్లగా లేపి, గోరువెచ్చటి నీళ్లు పోయించి, అప్పటికీ రాకపోతే గొట్టం వేసి ఖాళీ చేయాలి. కుట్ల నొప్పికి భయపడి ఆపుకునే బాలింతకు ‘భయం లేదు బిడ్డా, నేనున్న’ అన్న మాట సగం మందు.

దగ్గితే పడే చుక్క

నవ్వితే, తుమ్మితే, బిందె ఎత్తితే చుక్క పడే బాధను ఆడవాళ్లు ఏళ్ల తరబడి మోస్తారు. పెళ్లిళ్లకు పోరు, బస్సెక్కరు, నల్లచీరే కడతారు. దీనికి మొదటి వైద్యం ఖర్చు లేని కసరత్తు. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీన్ని ప్రపంచానికి చెప్పారు. అపానవాయువును ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగుస్తుందో ఆ కండరాన్ని బిగించి, కొన్ని సెకన్లు పట్టి, వదలాలి. ఒక విడతకు 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. కడుపు, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. బీడీ చుడుతూ చేయొచ్చు, బియ్యం ఏరుతూ చేయొచ్చు. పక్కనున్నవాళ్లకు తెలియదు.

లోపలి నుంచి ఏదో జారినట్టుంటే మాత్రం పరీక్ష చేయించాలి. వచ్చిందంటే ఆగని తొందర వేరే బాధ. దానికి మూడు రోజులపాటు ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు పోశారు అని రాసుకుని, టీలు తగ్గించి, వ్యవధిని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. చదువు రానివాళ్లకు మనుమరాలి నోటుబుక్కులో గీతలు చాలు.

పెద్దాయన రాత్రులు

మా తాత రాత్రి ఐదుసార్లు లేచేవాడు. లేచిన ప్రతిసారీ తలుపు గొళ్లెం చప్పుడయ్యేది. పడుకున్నవాళ్లం అటు తిరిగి మళ్లీ నిద్రపోయేవాళ్లం. రెండేళ్లు ఆ చప్పుడు విన్నాం, ఒక్కరం కూడా ‘ఎందుకు లేస్తున్నవ్ తాతా?’ అని అడగలేదు. ఒక చలికాలం పడిశం పట్టి, కొట్లో కొన్న జలుబు గోలీలు వేసుకున్నాడు. ఆ రాత్రి గొళ్లెం చప్పుడు ఆగలేదు. మూత్రం మాత్రం ఒక్క చుక్క రాలేదు. తెల్లారి గొట్టం వేస్తే సంచి నిండిపోయింది. నొప్పి తగ్గిన తాత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన దాచిన బాధ కంటే, మేం అడగని ప్రశ్న నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధిస్తుంది.

వయసుతో ప్రొస్టేట్ గ్రంథి పెరుగుతుంది. మూత్రనాళం దాని మధ్యలోంచే పోతుంది కాబట్టి దారి ఇరుకవుతుంది. ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, అయిపోయాక కూడా మిగిలినట్టుండటం, రాత్రుళ్లు లేవడం దాని గుర్తులు. జలుబు గోలీల్లోని కొన్ని మందులు ఆ ఇరుకు దారిని పూర్తిగా మూసేయగలవు. అందుకే పెద్దవయసు మగవాళ్లకు పడిశం గోలీ ఇచ్చే ముందు ధార ఎలా వస్తోందని అడగాలి.

బాధను కొలవడానికి ఏడు ప్రశ్నల పత్రం ఉంది. మొత్తం 35 మార్కులు. 7 వరకు వస్తే అలవాట్లు మార్చుకుని గమనిస్తే చాలు: పొద్దుగూకాక నీళ్లు, టీ తగ్గించడం, పోశాక కాసేపాగి మళ్లీ పోయడం. 8 నుంచి 19 మధ్యస్థం, 20, ఆపైన వస్తే తీవ్రం. వీళ్లను డాక్టరు దగ్గరికి పంపాలి. దారిని సడలించే టామ్సులోసిన్ వంటి గోలీలతో చాలామందికి ఊరట దొరుకుతుంది. మొదట్లో లేవగానే కళ్లు తిరగొచ్చు కాబట్టి పడుకునే ముందు వేసుకుని, రాత్రి లేచేటప్పుడు మంచం మీద కాసేపు కూర్చుని లేవాలని చెప్పాలి. పెరిగిన ప్రొస్టేట్ అంతా క్యాన్సర్ కాదన్న మాట కూడా అప్పుడే చెప్పాలి. పెద్దాయన అడగలేని భయం అదే.

గొట్టంతో ఇంటికొచ్చినవాళ్లకు ఒక్క సూత్రం: గొట్టానికి తగిలించిన సంచి ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి. ఆటోలో పడుకోబెట్టి సంచిని పొట్ట మీద పెడితే, ఆ మూత్రం క్రిములతో సహా వెనక్కి పోతుంది.

ఎడారి నుంచి వచ్చిన రాయి

ఈ జిల్లాల నుంచి దుబాయ్, సౌదీ, ఖతార్ పోయినవాళ్లు లేని ఊరు అరుదు. ఆ ఎండలో చెమటగా పోయే నీటిని తాగి నింపుకోకపోతే మూత్రం చిక్కబడుతుంది, అందులోని లవణాలు రాళ్లవుతాయి. ఏడాదికోసారి సెలవు మీద వచ్చిన మనిషి నడుం నుంచి గజ్జ దాకా పొడిచే నొప్పితో మెలికలు తిరిగిపోతాడు. ఎండ చేసే హాని రాళ్లతోనే ఆగదు. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఎండకు పనిచేసిన కూలీల్లో ఎంతోమంది కిడ్నీలు దెబ్బతిన్నాయి. అక్కడ కార్మికుల కోసం పనిచేసేవాళ్లు పట్టుబట్టింది మూడింటికే: నీళ్లు, విశ్రాంతి, నీడ. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి ఒకప్పుడు చెరకు నరికి పంపిన ఈ నేలకు ఆ మూడింటి విలువ చెప్పాలా?

5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో చాలావరకు వాటంతటవే పడిపోతాయి. రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్లు తాగాలి. ఉప్పు తగ్గించాలి, నిమ్మరసం మంచిది. పాలు, పెరుగు మానాలన్నది అపోహ. బీరు రాళ్లను కరిగిస్తుందన్నదీ అపోహే. కొండపిండి ఆకు కషాయం తాగుతున్నానంటే సిస్టర్ కసురుకోకూడదు. కసిరితే మరోసారి చెప్పరు. ‘తాగుతున్నవు సరే, స్కానింగ్ మాత్రం ఆపకు అన్నా’ అనాలి. నొప్పి పోయిందంటే రాయి పోయిందని కాదు. దారిలో ఇరుక్కుని చప్పుడు చేయకుండా కిడ్నీని పాడుచేసే రాళ్లూ ఉంటాయి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

• చలితో జ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు. గర్భిణి, షుగర్ ఉన్నవాళ్లు, రాయి ఉన్నవాళ్లైతే అదే రోజు పెద్దాసుపత్రికి.

• నొప్పి లేకుండా మూత్రంలో రక్తం. ఒక్కసారి వచ్చి ఆగినా వదలొద్దు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో మూత్రసంచి క్యాన్సర్ మొదటి గుర్తు ఇదే కావచ్చు. బీట్‌రూట్, టీబీ మందులతో వచ్చే ఎరుపు రంగు వేరు. స్ట్రిప్‌తో తేల్చాలి.

• మూత్రం పూర్తిగా ఆగిపోవడం, పొత్తికడుపు ఉబ్బడం.

• పిల్లవాడికి లేదా యువకుడికి ఉన్నట్టుండి వృషణంలో తీవ్రమైన నొప్పి. మెలిపడితే 6 గంటల్లోపు ఆపరేషన్ జరగాలి. సిగ్గుతో ‘కడుపునొప్పి’ అని చెప్పే పిల్లలున్నారు. కడుపునొప్పి అన్న ప్రతి మగపిల్లవాడినీ ఆ మాట అడగండి.

• కారణం తెలియని జ్వరంతో చంటిబిడ్డ. మూత్రం పరీక్ష తప్పనిసరి.

• మగవాళ్లలో మూత్రం ఇన్ఫెక్షన్. రెండు గోలీలిచ్చి పంపకుండా కారణం వెతకాలి.

సిస్టర్ చేతికి బలం

1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. డాక్టరు అందుబాటులో లేనిచోట అదనపు చదువున్న నర్సు పరీక్షించి, మామూలు జబ్బులకు వైద్యం చేసి, మిగతావాళ్లను సమయానికి పైకి పంపాలన్నది ఆలోచన. అది మనకూ కొత్త కాదు. 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సహకారంతో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. కాన్పుల్లో వాళ్ల నైపుణ్యం దేశానికి దారి చూపింది. ఇప్పుడు పల్లె దవాఖానల్లో వైద్యులతోపాటు స్టాఫ్ నర్సులూ ఎంఎల్‌హెచ్‌పీలుగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా) పనిచేస్తున్నారు. 2023 మార్చి 8న 100 కేంద్రాలతో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ప్రతి మంగళవారం ఆడవాళ్లకు చేసే పరీక్షల్లో మూత్ర ఇన్ఫెక్షన్లూ ఉన్నాయి.

దారి వేసి ఉంది. దాని మీద నడిచే సిస్టర్‌కు కావాల్సినవి ఇవ్వాలి. స్ట్రిప్‌లు అయిపోకుండా రావాలి. నైట్రోఫ్యూరాంటోయిన్ స్టాకులో ఉండాలి. దవాఖానలో నీళ్లూ గొళ్లెమూ ఉన్న మరుగుదొడ్డి ఉండాలి, అది లేకుండా శుభ్రమైన నమూనా ఎక్కడ పడతారు? గదికి ఒక తెర ఉండాలి. మగవాళ్లతో మాట్లాడటానికి మొహమాటం పోయేలా శిక్షణలో సాధన చేయించాలి. బీపీ, షుగర్ రిజిస్టర్‌లో ఇంకో గడి గీసి, ‘మూత్రం బాధ అడిగారా?’ అని రాయాలి. రిజిస్టర్‌లో గడి ఉంటే ప్రశ్న మరుపుకు రాదు.

మళ్లీ ఆ గుమ్మం దగ్గరికి వద్దాం. బీపీ పట్టీ చేతికి చుడుతున్నప్పుడు ఆమె ఎలాగూ కుర్చీలో కదలకుండా కూర్చునే ఉంటుంది. గాలి నింపేలోపు, వాడుక మాటలో, కళ్లలోకి చూస్తూ సిస్టర్ అడగొచ్చు: “ఒంటికి మంచిగ వస్తుందా పెద్దమ్మా? మంట గింట ఏమన్న ఉన్నదా?” ఆ ప్రశ్నకు పట్టేది పది సెకన్లు. అప్పుడు ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరగక్కర్లేదు. కుర్చీలో కూర్చునే చెబుతుంది.